పురిటి గది తలుపు తెరవండి

నొప్పులు మొదలైన స్త్రీని లేబర్ రూములోకి తీసుకువెళ్లగానే మన ఆసుపత్రుల్లో చాలాచోట్ల జరిగే మొదటి పని తలుపు మూయడం. తల్లి, అత్త, భర్త వరండాలో ఉండిపోతారు. లోపల ఆమె గంటల తరబడి బల్లమీద వెల్లకిలా పడుకుని, ముఖపరిచయమైనా లేనివారి మధ్య నొప్పులు పడుతుంది. అరిస్తే కసురుతారు. ఇన్‌ఫెక్షన్ వస్తుందనీ, బంధువులు గొడవ చేస్తారనీ చెప్పి ఆ తలుపు మూయించిన వైద్యులలో నేనూ ఒకడిని. అది తప్పని ఈనాడు ఒప్పుకుంటున్నాను.

పక్కన ఒక మనిషి తోడుండటం, నడుము రుద్దడం, వేడి కాపడం, నిదానంగా శ్వాస తీయడం, లేచి నడవడం. వీటిని అనుబంధ పద్ధతులంటూ మేము చిన్నచూపు చూశాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో వెలువరించిన ప్రసవ సంరక్షణ సిఫారసుల్లో ఇవన్నీ ఉన్నాయి. 15 వేలమందికి పైగా స్త్రీలపై జరిగిన 26 అధ్యయనాలను 2017 నాటి కాక్రేన్ సమీక్ష కలిపి పరిశీలించింది. నొప్పుల కాలమంతా ఒకరు తోడున్న స్త్రీలలో సహజ కాన్పులు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ. కాన్పు చేదు జ్ఞాపకంగా మిగిలిందన్నవారూ తక్కువే. మన కేంద్ర ఆరోగ్య శాఖ సైతం 2016లోనే ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రసవ సమయాన తోడుకు మార్గదర్శకాలిచ్చింది. కాగితం మీద తెరుచుకున్న తలుపు ఎన్నోచోట్ల ఇంకా మూసే ఉంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. దేశ సగటు 21.5. దీనికి కారణాలు అనేకం. ఒంటరిగా నొప్పులు పడాలన్న భయం వాటిలో ఒకటి కాదని ఎవరనగలరు?

ఇదే తోడును, ఇదే మర్దనను కొన్ని నగర ఆసుపత్రులు సుగంధ తైలాలు, సంగీతం జోడించి ప్యాకేజీగా అమ్ముతున్నాయి. సుగంధ తైలాలతో నొప్పి తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఆధారమున్నవాటికి ఖర్చే లేదు. డబ్బున్నవారికి ఓదార్పు, లేనివారికి కసురు అన్న ఈ విభజన సిగ్గుచేటు.

అయితే 'సహజం' అన్న మాటను గుడ్డిగా నమ్మకండి. నొప్పులు రావాలని ఇంట్లో ఆముదం తాగిస్తే వాంతులు, విరేచనాలతో నీరసించేది తల్లే. రక్తస్రావం, పెరిగిన బీపీ, పచ్చగా మారిన ఉమ్మనీరు, మందగించిన శిశువు గుండె చప్పుడు, వీటికి మర్దన మందు కాదు. అలాగే ఎపిడ్యూరల్ కోరిన స్త్రీని "ఈమాత్రం ఓర్చుకోలేవా?" అని ఎద్దేవా చేయడం అమానుషం. నొప్పి తగ్గించే మత్తు కోరుకునే హక్కునూ అవే సిఫారసులు గుర్తించాయి. ఏది కావాలో చెప్పవలసింది నొప్పులు పడే ఆమె.

పాఠకులారా, మీ ఇంట గర్భిణి ఉంటే ఏడో నెలలోనే వైద్యుణ్ణి మూడు ప్రశ్నలడగండి. లోపలికి ఒకరిని రానిస్తారా? నొప్పుల సమయంలో నడవనిస్తారా? నొప్పి తగ్గించే మార్గాలు ఏమున్నాయి? సమాధానానికి బదులు విసుగు ఎదురైతే, వీలుంటే మరో ఆసుపత్రి చూసుకోండి. వీలు లేకుంటే మళ్లీ అడగండి. పదిమంది అడిగిన తలుపు ఏదో ఒకనాడు తెరవక తప్పదు.