చంటిబిడ్డతో మంచుకొండకి

థ్యాంక్స్‌గివింగ్ దాటిందంటే అమెరికాలోని మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే సందడి. క్రిస్మస్ సెలవులకు ఎవరెవరు వస్తున్నారు, కాండో ఎన్ని బెడ్రూములది తీసుకోవాలి, డెన్వర్‌కి టికెట్లు తగ్గాయా అని. పెళ్లిళ్లు కాకముందు ఇదే బృందం స్కీయింగ్‌కి బయల్దేరినప్పుడు చర్చ అక్కడితో తెమిలిపోయేది. ఇప్పుడు సగం ఇళ్లలో ఊయల ఊగుతోంది. దాంతో కొత్త ప్రశ్న వచ్చిపడింది: తొమ్మిది నెలల పాపను తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లొచ్చు. కాకపోతే ఏ కొండకు వెళ్లాలి, ఎన్ని గంటలు బయట ఉండాలి, ఎవరు ఏ పూట స్కీలు కట్టుకోవాలి అన్నది పాపను బట్టే తేలాలి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఎత్తు. కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జ్‌లో కొండ సంగతి అలా ఉంచితే, ఊరే 9,600 అడుగుల మీద ఉంది. మీటర్లలో 2,900 పైచిలుకు. మన తూర్పు కనుమల్లో పెద్ద శిఖరాల్లో ఒకటైన అర్మ కొండ 1,680 మీటర్లే. చలికి పేరుపడ్డ లంబసింగి వెయ్యి మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. బ్రెకెన్‌రిడ్జ్‌లో గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో 70 శాతమే. ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. 8,000 అడుగులు దాటాక తలనొప్పి, వికారం పెద్దవాళ్లకే మామూలు. పెద్దవాళ్లు నోరు తెరిచి చెబుతారు. చంటిబిడ్డ పాలు సరిగా తాగదు, ఊరికే ఏడుస్తుంది, నిద్రపోదు, కక్కుతుంది. ప్రయాణ బడలికే అని సరిపెట్టుకునే లక్షణాలివి. పైకి వెళ్లిన తొలి రెండు రోజుల్లో ఇవి కనిపిస్తే ఎత్తును అనుమానించాలి, తగ్గకపోతే కిందికి దిగిపోవాలి. బిడ్డ ఎగశ్వాస తీస్తున్నా, పెదవులు నీలంగా మారినా ఒక్క నిమిషం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. జలుబుతో ఉన్న పిల్లలకు ఎత్తులో ఊపిరితిత్తుల్లో నీరు చేరే ముప్పు పెరుగుతుంది. బయల్దేరే ముందురోజు బిడ్డకు ముక్కు కారుతుంటే, కట్టిన డబ్బు పోయినా ఆ ప్రయాణం మానుకోవడమే మంచిది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు, మరీ రోజుల పిల్లలైతే టికెట్లకంటే ముందు పిల్లల డాక్టరు మాట తీసుకోవాలి.

డాలస్‌లో పొద్దున విమానమెక్కి, డెన్వర్‌లో కారు తీసుకుని, ఐ-70 హైవే మీద 11,000 అడుగుల ఎత్తున ఉన్న ఐసెన్‌హోవర్ సొరంగం దాటి, సాయంత్రానికి కాండో చేరే పద్ధతి పసిబిడ్డకు పనికిరాదు. 5,280 అడుగుల డెన్వర్‌లో ఒక రాత్రి ఆగితే ఒంటికి అలవాటు పడే వ్యవధి దొరుకుతుంది. అసలు అంత ఎత్తుకే వెళ్లాలన్న నియమమూ లేదు. బే ఏరియా వాళ్లకు లేక్ టాహో ఉంది, సరస్సు మట్టం 6,225 అడుగులు. వెర్మాంట్‌లో స్టో కొండల కొన కూడా 4,400 అడుగులు దాటదు. న్యూజెర్సీ నుంచి పోకనోస్‌కు కారులో పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరొచ్చు. అక్కడి క్యామెల్‌బ్యాక్ ఎత్తు రెండు వేల అడుగుల పైచిలుకు మాత్రమే. ఏడాది నిండని పాపకు గుప్పెడు మంచు ఎక్కడిదైనా వింతే.

బట్టల విషయంలో మన అలవాటు ఒకటి మార్చుకోవాలి. పసివాళ్లకు నూలు బట్ట మేలని ఇంట్లో పెద్దలు చెప్పేది మన ఉక్కపోతకు సరైన మాట. మంచులో నూలు చెమటకు తడిసి ఒంటి వేడిని లాగేస్తుంది. ఒంటికి తగిలే పొర ఉన్నిదో, పాలిస్టర్‌దో ఉండాలి, పెద్దలు వేసుకున్నదానికంటే ఒక పొర ఎక్కువ వేయాలి. ఆ లావుపాటి కోటు కారు సీట్లో మాత్రం వద్దు. కోటు మీద బిగించిన బెల్టు గుద్దుకున్నప్పుడు వదులైపోతుంది, బిడ్డ జారిపోతుంది. పల్చటి బట్టల మీద బెల్టు బిగించి, పైన కోటో దుప్పటో కప్పాలి. బిడ్డను వీపున కట్టుకుని స్కీయింగ్ చేసే సాహసం ఎవరూ చేయకూడదు. ఎంత నేర్పున్నవాళ్లయినా పడతారు, వెనకనుంచి ఇంకొకరు వచ్చి గుద్దుతారు. పైగా కదలకుండా వేలాడే చిన్న కాళ్లు తొందరగా మొద్దుబారతాయి.

ఎండనూ తేలిగ్గా తీసుకోకూడదు. కొత్తగా కురిసిన మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. ఆరు నెలలలోపు పిల్లలకు సన్‌స్క్రీన్ బదులు నీడ, టోపీ.

వంటింట్లోనూ ఎత్తు ప్రభావం ఉంటుంది. 9,600 అడుగుల మీద నీళ్లు 90 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో పెట్టిన కందిపప్పు గంటసేపైనా పలుకుగానే ఉంటుంది, ఉగ్గు సరిగా ఉడకదు. ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లడం ఇక్కడ అక్షరాలా అవసరం. దగ్గుకు తేనె నాకించే అలవాటు ఉన్నవాళ్లు ఏడాది నిండని బిడ్డకు దాన్ని పూర్తిగా మానుకోవాలి. బోట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు.

ఇక అమ్మమ్మలు, నాయనమ్మల సంగతి. పురుటికో మొదటి పుట్టినరోజుకో వచ్చిన పెద్దావిడ ఈ ప్రయాణాల్లో ఉండనే ఉంటుంది. పొద్దున ఎనిమిదింటికి కొడుకూ కోడలూ బూట్లు తొడుక్కుని వెళ్లిపోతారు. స్కీ లిఫ్టులు ఆగేదాకా బిడ్డ, పాలసీసాలు, డైపర్ల సంచి అన్నీ ఆవిడ మీదే. ఆవిడ వచ్చింది భీమవరం నుంచి, దాదాపు సముద్రమట్టం నుంచి. బీపీ మాత్రలు వేసుకుంటుంది. కొత్త ఇల్లు, వెలిగించడం తెలియని పొయ్యి, సిగ్నల్ అందని కొండ మీద కొడుకూ కోడలూ. 911 నంబరు తెలుసు, తానున్న కాండో చిరునామా తెలియదు. బిడ్డకు పడని ఎత్తు ఆవిడకూ పడకపోవచ్చు. గడ్డకట్టిన మెట్ల మీద జారితే విరిగేది తుంటి ఎముక. అమెరికా చూడటానికి వచ్చిన మనిషికి నాలుగు గోడలూ, ఏడ్చే బిడ్డా మిగలడం అన్యాయం. చిరునామా పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి తలుపు మీద అంటించడం కనీస బాధ్యత. ఆవిడనూ కొండ చూపించడం అంతకంటే ముఖ్యం. బ్రెకెన్‌రిడ్జ్‌లో ఊరి నుంచి పీక్ 8 అనే కొండ దాకా గొండోలా (తీగ మీద నడిచే బండి) ఉచితం, స్కీలు లేనివాళ్లూ ఎక్కొచ్చు.

మూడు నాలుగు కుటుంబాలు కలిసి వెళ్లినప్పుడు జరిగేదీ దాచుకోనక్కర్లేదు. మగవాళ్లు కొండెక్కుతారు, ఆడవాళ్లు పిల్లల్నీ పులిహోరనూ చూసుకుంటారు. దీన్ని మార్చడానికి రిసార్టుల్లోనే వీలుంది. తల్లీతండ్రీ పూటకొకరు వాడుకునేలా ఒకే లిఫ్ట్ టికెట్ అమ్మే కొండలు ఉన్నాయి. లైసెన్సు ఉన్న డేకేర్లలో కొన్ని, నెలల పిల్లల్ని కూడా తీసుకుంటాయి. స్కీ పాఠాలు మాత్రం చాలాచోట్ల మూడేళ్లు నిండి, డైపర్ మానేసిన పిల్లలకే.

కాండోకు డబ్బు కట్టే రోజునే పిల్లల దగ్గర ఎవరు ఏ పూట ఉంటారో కూడా రాసిపెట్టుకోవాలి, ఆ కాగితంలో తండ్రుల పేర్లు తల్లుల పేర్లతో సమానంగా ఉండాలి. ప్రెసిడెంట్స్ డే వారాంతానికి వెళ్లాలనుకునేవాళ్లు డేకేర్‌కు ఇప్పుడే ఫోన్ చేయడం మంచిది. టీకాల రికార్డు అడుగుతారు, దగ్గర పెట్టుకోండి.