అంగడి మనది, వీధి ఎవరిది?

ఏటేట ఆగస్టు 7వ తేది సమీపించినతోడనే మన చేతులలోని ఫోనులన్నియు చీరలతో నిండిపోవును. మంగళగిరి నూలుచీర, ఉప్పాడ జామ్‌దానీ, పోచంపల్లి ఇక్కత్తు, వెంకటగిరి జరీచీర, గద్వాల పట్టంచు, ఒకదానివెంట నొకటి కన్నులయెదుట నడచిపోవుచుండును. 1905వ సంవత్సరమున ఆ తేదినాడే కలకత్తా టౌనుహాలులో స్వదేశీ తీర్మానము జరిగినది. ఆ దినమునే 2015 నుండి జాతీయ చేనేత దినముగ జరుపుకొనుచున్నాము. ఆనాడు స్వదేశవస్త్రమును కొనుడని వీధివీధి తిరిగి చెప్పవలసివచ్చెను. నేడు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, యూట్యూబ్ అను వేదికలు ఆ పనిని గడియలో చేయుచున్నవి. ఇది సంతోషింపదగిన మాటయే. అయినను ఈ సంతోషమునడుమ మేమొక ప్రశ్న నడుగక తప్పదు. సరకు మనది, నేసిన చేయి మనది, అంగడి మనది. కాని అంగడి పెట్టిన వీధి యెవరిది?

మా మాటను అపార్థము చేసికొనవలదు. సామాజిక మాధ్యమములలో వర్తకము చేయుట నేరమని గాని, నీచమని గాని మేము చెప్పుట లేదు. సరకు మంచిదైనచో డప్పు కొట్టనేల యని ముక్కు విఱుచు పెద్దలు మన పట్టణములలో నేటికిని కలరు. వారు దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి చరిత్రమును మఱచినారు. 1893లో బొంబాయిలో అమృతాంజనమును ఆరంభించిన యా మహనీయుడు సంగీతసభలకు వచ్చినవారికి ఆ మందును ఊరకయే పంచిపెట్టి దాని గుణమును లోకమునకు తెలిపెను. జనము కూడుచోటికి సరకును కొనిపోవుటయే ప్రకటన విద్య. సభ మారినది గాని విద్య మారలేదు. అయితే పంతులుగారు అంతటితో నాగలేదు. 1908లో ఆ బొంబాయినుండియే ఆంధ్రపత్రికను వెలువరించిరి. పరుల సభలలో పంచిన మందు తెచ్చిన లాభముతో తన జాతికి స్వంతవేదికను కట్టిపెట్టిరి. నేటి మన వర్తకులు మొదటి యడుగును చక్కగ నేర్చుకొన్నారు. రెండవ యడుగును మఱచుచున్నారు. మా వాదమంతయు ఈ రెండవ యడుగును గూర్చియే.

మొదటి యడుగువలన కలిగిన మేలును ముందుగ నొప్పుకొందము. 2019-20 నాటి నాల్గవ అఖిలభారత చేనేత గణనము ప్రకారము ఈ దేశమున చేనేతపైనను, దాని అనుబంధపు పనులపైనను బ్రదుకు కార్మికులు 35 లక్షలకు పైగా కలరు. వారిలో నూటికి 70 మందికి మించి స్త్రీలే. ఇందు పెక్కుమందికి నూలు నిచ్చువాడు మాస్టరు వీవరు. నేసిన చీరను కొనిపోవువాడును అతడే. చేతికి వచ్చునది నేతకూలి మాత్రము. ఆ చీర టోకు వర్తకుని చేతిమీదుగ పట్టణపు దుకాణమునకు చేరును. కొనువారి ముఖమును నేయువారు చూడరు. నేయువారి పేరును కొనువారు వినరు. ఈ గోడకు సామాజిక మాధ్యమము కన్నము వేసినది. గుంటమగ్గమున కూర్చుండి నాడె విసరుచున్న తండ్రిని కూతురు ఫోనులో చిత్రించి పంపగా, హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోని డల్లాసులోనో యున్న తెలుగింటి యాడుబిడ్డ తిన్నగా ఆ యింటికే సొమ్ము పంపి చీర తెప్పించుకొనుచున్నది. నడుమవారికి పోవలసిన లాభములో కొంత మగ్గము దగ్గఱనే నిలిచినది. దీనిని కాదనువాడు నేతగాని కడుపును చూడనివాడు.

అట్టి కుటుంబమొకటి, చేనేత సంఘముల పనిమీద తిరుగుచుండు మమ్ము వెదకికొనుచు వచ్చినది. వారి పేరుగాని, ఊరిపేరుగాని ఇక్కడ వ్రాయము. తండ్రి నేయును, తల్లి కండెలు చుట్టును, డిగ్రీ చదివిన కూతురు ఫోనులో వర్తకము నడుపును. నాలుగేండ్లు శ్రమపడి ఒక వేదికమీద వేలకొలది అనుచరులను కూర్చుకొన్నారు. శ్రావణమాసము ఇంక పదిదినములున్నదనగా ఒకనాటి ఉదయమున ఆ ఖాతా మూతపడినది. నియమోల్లంఘనము జరిగినదను ఏకవాక్యము తప్ప వేఱు కారణము చెప్పబడలేదు. నేసిన చీరలు ఇంటనున్నవి. నూలు తెచ్చిన అప్పు నెత్తిమీద నున్నది. కొనుచుండినవారు మాత్రము గాలిలో కలిసిపోయిరి. "అయ్యా, దొంగలు పడి దుకాణం దోచుకుంటే పోలీసుస్టేషనుకు పోతాం. దుకాణమే కనపడకుండా పోతే ఎక్కడికి పోవాలండీ?" అని ఆ తండ్రి మమ్మడిగెను. ఇరువదియేండ్లుగ నల్లకోటు ధరించుచున్న మాకు వెంటనే బదులు తోచలేదు.

ఖాతా తెఱచునాడు ఆ పిల్ల చదువకయే అంగీకరించిన షరతులను మేము ఆద్యంతము చదివితిమి. తమ నియమములకు విరుద్ధమని తలచినచో వేదికవారు ఖాతాను నిలిపివేయవచ్చును, తీసివేయవచ్చును. చిత్రములు ఆమెవే యైనను వానిని వాడుకొను అనుమతి వారికి దఖలుపడినది. అనుచరుల ఫోను నంబరులుగాని, చిరునామాలుగాని ఆమె చేతికి రావు. మనము సంతకము చేసిన దస్తావేజు ఇట్టిది! చట్టము బొత్తిగ లేదనుట సత్యము కాదు. 2021 నాటి సమాచార సాంకేతిక నియమముల ప్రకారము పెద్దవేదికలు మన దేశమున నివసించు ఫిర్యాదు అధికారిని నియమింపవలెను. ఫిర్యాదు అందిన సంగతిని 24 గంటలలో తెలిపి, నియమిత గడువులోపల పరిష్కరింపవలెను. అక్కడ న్యాయము దొరకనిచో 2023లో కేంద్రప్రభుత్వము ఏర్పఱచిన అప్పీలు కమిటీలకు 30 దినములలోపల చెప్పుకొనవచ్చును. ఈ మార్గమున్నదని మన వర్తకులలో ఎందఱికి తెలియును? మేము ఫిర్యాదు వ్రాసియిచ్చితిమి. ఖాతా తిరిగి వచ్చినది; కాని వరలక్ష్మీవ్రతము దాటిపోయిన పిదప వచ్చినది. న్యాయము పంచాంగము చూచి రాదు. పండుగ న్యాయముకొఱకు ఆగదు.

ఇది ఒక కుటుంబపు దురదృష్టమని త్రోసివేయరాదు. 2020 జూన్ 29న ప్రభుత్వము టిక్‌టాక్‌తో గూడ 59 చైనా యాప్‌లను నిషేధించినది. దేశభద్రతకొఱకు చేసిన పనియని ప్రభుత్వము చెప్పెను. దానితో మాకు పేచీ లేదు. కాని ఆ వేదిక నొక్కదానినే నమ్ముకొన్న చిల్లరవర్తకులకు కూర్చుకొన్న జనము ఒక్కదెబ్బతో దూరమైరి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ ఏకకాలమున ఇంచుమించు ఆఱుగంటలు ప్రపంచమంతట స్తంభించిపోయెను. మూడు వీధులలో మూడు అంగళ్లు పెట్టితిమి, ఒకటి మూతపడినను రెండు మిగులునని ధైర్యముగ నున్నవారికి ఆనాడు మూడు వీధులును ఒకే యజమానివని తెలిసివచ్చినది. 2012లో ఇన్‌స్టాగ్రామును, 2014లో వాట్సాపును కొనిన ఫేస్‌బుక్ సంస్థయే నేడు మెటా యను పేర చెలామణి యగుచున్నది.

ఆ యజమాని ధర్మసత్రమును నడపుట లేదు. అతని రాబడిలో నూటికి 95 పాళ్లకు మించి ప్రకటనలవలననే వచ్చుచున్నది. వేదిక చిన్నదిగ నున్ననాడు మనము పెట్టిన బొమ్మ మన యనుచరులకు ఊరకయే కనబడుచుండెను. జనము క్రిక్కిఱిసిన పిదప వర్తకుల బొమ్మలు రుసుము చెల్లింపనిదే కొద్దిమందికి మాత్రమే కనబడుచున్నవి. ప్రకటనస్థలము వేలమున అమ్ముడుపోవును. ఆ వేలములో నేతగాని కూతురునకు ఎదురుగ పాటపాడువాడు ఎవడు? మరచీరలు గుట్టలుపోసికొన్న టోకు వర్తకుడు! వారమున కొక చీర నేయు ఇల్లు, దినమునకు వందలచీరలు దింపు కార్ఖానాతో ఎన్నాళ్లు పాటపాడగలదు?

ఆ వేలమున నెగ్గిన సరకులో మోసమెంతయో పాఠకులు గమనింపవలెను. మరమగ్గపు గుడ్డను చేనేతయనియు, అచ్చువేసిన పూలను ఇక్కత్తనియు చెప్పి అమ్మువారికి ఫోనుతెర చక్కని మఱుగైనది. ఇక్కత్తునందు నేతకు ముందే నూలును కట్టి రంగులలో ముంచెదరు. అందువలన బొమ్మ గుడ్డకు ఇరువైపులను ఒకేరీతిగ కనబడును. పైన అచ్చువేసిన గుడ్డయైనచో వెనుకప్రక్క వెలవెలబోవును. అంగడిలో గుడ్డ చెఱగును త్రిప్పినంతనే తేలిపోవు అబద్ధమిది. తెరమీద చెఱగును త్రిప్పువారెవరు? ముందు మగ్గముయొక్క వీడియో చూపి, వెనుక మరగుడ్డను కట్టకట్టి పంపువాడు నేతగాని నోటికూటిని అతని బొమ్మతోనే దోచుకొనుచున్నాడు. ఈ పాపము పరులదేకాదు. నేతయూళ్ల దుకాణములలోను కొందఱు దీనికి ఒడిగట్టిరని సిగ్గుతో చెప్పవలసియున్నది.

వీరికి తోడు సొమ్ము పుచ్చుకొని పొగడువారు బయలుదేఱినారు. చీరను ఉచితముగ పొంది, తామే కొనినట్లు నటించి, లక్షలమందికి సిఫారసు చేయుదురు. అనుచరులును కొనుగోలుకు దొరకుదురట. ప్రశంసలును కూలికి వ్రాయబడునట! వీరందఱు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమును ఒకసారి చదువుట మంచిది. తప్పుదారి పట్టించు ప్రకటనకు, దానిని సమర్థించి మాటలాడినవారికిని 10 లక్షల రూపాయలవరకు, మరల చేసినచో 50 లక్షలవరకు జరిమానా విధింపవచ్చును. ప్రతిఫలము పుచ్చుకొన్న సంగతిని స్పష్టముగ వెల్లడింపవలెనని 2023 జనవరిలో కేంద్రప్రభుత్వము మార్గదర్శకములను ప్రకటించినది. కొన్ని వస్త్రములను చేనేతకే ప్రత్యేకించు చట్టము 1985లోనే వచ్చినది. చేనేత గుర్తు 2006 నుండి అమలులోనున్నది. చట్టములకు కొదువలేదు. ఫిర్యాదుచేయు పౌరునికే కొదువ.

అట్లయినచో ఈ వేదికలను బహిష్కరింపవలెనా యని కొందఱు యువకులు మమ్మడుగుదురు. వలదని మా సమాధానము. 1921లో విదేశవస్త్రమును దహింపుమని పలికిన గాంధీమహాత్ముడు ఆ నోటితోనే రాట్నము త్రిప్పుమని చెప్పెను. నూలు వడకకయే ఉన్నగుడ్డను కాల్చుమనలేదు. స్వంతవీధిని వేసికొనకయే ఉన్నవీధిని విడుచుట అవివేకము. వీధిలో జనమున్నంతకాలము అక్కడ అంగడి తెఱువవలసినదే. కాని ఇనుపపెట్టెను ఆ వీధిలో ఉంచి ఇంటికి పోరాదు.

వర్తకుని ఇనుపపెట్టెలోని సారము అతని ఆవర్జా. పూర్వపు షావుకారు కొట్టు కాలిపోవుచున్నను ముందుగ దానిని చంకబెట్టుకొని బయటపడెడివాడు. కొనువారి పేర్లును, వారి లెక్కలును అందులోనే యుండును గనుక. నేటి వర్తకుడు ఆ ఆవర్జాను పరుని చేతబెట్టి, అనుచరుల సంఖ్యను చూచుకొని మురియుచున్నాడు. కావున ఫోనులో వర్తకము చేయు ప్రతి నేతయింటికిని, ప్రతి చేనేత సహకార సంఘమునకును మేము విన్నవించునదేమన, ఒక్క చీర కొనినవారినైనను సమ్మతిగైకొని పేరు, ఊరు, ఫోను నంబరు మీ స్వంతపుస్తకమున వ్రాసికొనుడు. సంఘమంతయు కలిసి ఒక స్వంత వెబ్‌సైటును పెట్టుకొనుడు. వేదికమీది ప్రతి బొమ్మయు కొనువారిని అచ్చటికి తీసికొనివచ్చునట్లు చేయుడు. మీ యూరి నేతకు భౌగోళిక సూచిక యున్నచో, 1999 నాటి చట్టము క్రింద అధీకృత వినియోగదారులుగ మీ పేర్లను నమోదు చేయించుకొనుడు. అప్పుడు మీ యూరిపేరును దొంగిలించువానిని న్యాయస్థానమునకు ఈడ్చు హక్కు మీ చేతనుండును. నేసినవారెవరో, నేతకెన్నాళ్లు పట్టినదో, నూలేదో, జరీయేదో దాపరికము లేక చెప్పుడు. మరవర్తకుడు వేలమున మిమ్ము గెలువవచ్చును; ఈ సత్యమును మాత్రము చెప్పజాలడు.

పఠనమందిర సోదరులారా, ఈ భారము నేతవారిది మాత్రమే కాదు. తెరమీద చీర నచ్చినచో చేనేత గుర్తు కలదా యని అడుగుడు. గుడ్డ వెనుకప్రక్కను చూపుమనుడు. ఎవరు నేసిరని ప్రశ్నింపుడు. మంచిసరకు అందినచో ఆ యింటి నంబరును మీ పుస్తకమున వ్రాసికొని, మరుసటి చీరకు వీధి యజమానితో పనిలేక తిన్నగ వారికే ఫోను చేయుడు. మోసము జరిగినచో "పోనిమ్ము, వేయిరూపాయలేగదా" యని ఊరకుండక 1915 అను జాతీయ వినియోగదారుల నంబరుకు ఫిర్యాదు చేయుడు. మీ మౌనమే మోసగానికి మూలధనము.

మొదట చెప్పిన కుటుంబము ఆ శ్రావణమును ఎట్లు గడిపినదో చెప్పి ముగింతుము. తల్లికి ఫోను విద్య తెలియదు. కాని చీరల పార్సెళ్లు పంపిన రశీదులను, నాలుగేండ్లవియును, ఒక్కటియు పాఱవేయక దారమునకు గ్రుచ్చి దూలమునకు వ్రేలాడదీసియుంచినది. కూతురు ఆ కట్టను విప్పి కొన్ని వందల చిరునామాలను ఒక పుస్తకములోనికి ఎత్తినది. నంబరున్నవారికి ఫోను చేసినది. లేనివారికి కార్డు వ్రాసినది. పండుగనాటికి అన్ని చీరలును అమ్ముడుపోలేదు గాని నూలు అప్పు తీరినది. ఖాతా తిరిగి వచ్చిన పిదపను ఆ పుస్తకము మూతపడలేదు. వేలకొలది అనుచరులు ఆదుకొనలేని దినమున ఆ యింటిని ఆదుకొన్నది దూలమునకు వ్రేలాడిన రశీదుల కట్ట. ప్రతి మగ్గము దగ్గఱను అట్టి పుస్తకమొకటి తెఱువబడుగాక!