గాజుతొట్టిలో ఇమడని చేప

అందమైన వస్తువు కంటబడినంతనే దానిని ఇంటికి తెచ్చుకొనవలెనను కోరిక పుట్టుట మానవస్వభావము. పూవును చూచిన కోయుదుము. చిలుకను చూచిన పంజరము వెదకుదుము. ఈ కోరిక అన్ని యెడల దోషము కాదు. కాని ప్రాణము గలదానిని తెచ్చునపుడు, "దీనికి కావలసినదానిని నేను సమకూర్పగలనా?" అని ముందుగా ప్రశ్నించుకొనవలెను. అట్లు ప్రశ్నించుకొనకపోవుటవలన కలుగు కీడును ఒక చేప వృత్తాంతముచే తెలుపదలచితిని.

ఆ చేపను ఆంగ్లమున మూరిష్ ఐడల్ అందురు. దీనికి 1758లో లిన్నేయస్ పండితుడు శాస్త్రీయనామ మొసగెను. తూర్పు ఆఫ్రికా తీరము మొదలుకొని పసిఫిక్ మహాసముద్రమున కావలి యొడ్డున నున్న మెక్సికో వరకు పగడపు దిబ్బల నడుమ నిది సంచరించును. మన దేశమున లక్షద్వీపములయందును, అండమాను దీవులయందును కానవచ్చును. దీని దేహము పళ్లెమువలె పలుచనిది. దానిపై తెలుపు, నలుపు, పసుపు పట్టెలుండును. వీపుమీది రెక్కనుండి తెల్లని పోగొకటి కొరడావలె వెనుకకు సాగియుండును. మూతి సన్ననై ముందునకు పొడుచుకొని వచ్చును. పూర్తిగా పెరిగినచో సుమారు 23 సెంటీమీటర్ల పొడవుండును. దీని కుటుంబమున నేడు జీవించియున్న జాతి యిది యొక్కటియే. 2003లో వెలువడిన 'ఫైండింగ్ నీమో' అను చలనచిత్రమున, దంతవైద్యుని తొట్టిలో చిక్కి సముద్రమునకై తపించు గిల్ అను చేప యీ జాతిదే.

కొన్ని సంవత్సరముల క్రిందట నా మిత్రుడొకడు ఈ చేపను కొని తెచ్చెను. అతడు నిర్దయుడు కాడు, సోమరియు కాడు. 400 లీటర్ల నీరు పట్టు గాజుతొట్టిని కట్టించెను. లీటరునకు 35 గ్రాముల చొప్పున సముద్రపు ఉప్పు కలిపెను. చేపలు విసర్జించు అమ్మోనియా వానికే విషము. దానిని నైట్రైటుగను, పిమ్మట అంత హానికరము కాని నైట్రేటుగను మార్చు బాక్టీరియా తొట్టిలో వృద్ధి పొందవలెను. అందులకై అతడు ఆరు వారములు ఓపికతో వేచియుండెను. నీరు ఆవిరియై పోయినను ఉప్పు పోదు గనుక, ప్రతిదినము తగినంత మంచినీరు పోసి ఉప్పదనమును సరిచూచుచుండెను. ఇంత చేసినను చేప తినలేదు.

మొదటి రెండు దినములు అది బెదరినదని అతడు తలచెను. తరువాత ఎండురొయ్యల పొడి వేసెను. సముద్రపు పాచి వేసెను. ఆల్చిప్ప మాంసమును సన్నగా తరిగి వేసెను. చేప దగ్గరకు వచ్చి, మూతితో తాకి మరలిపోవుచుండెను. మూడవ వారమునకు దాని కడుపు లోనికి పోయెను. ఒకనాటి యుదయమున అది తొట్టి యడుగున పడియుండెను. అతని చిన్నకుమార్తె దానిని చూచి, "నాన్నగారూ! సముద్రములో ఇది ఏమి తినెడిది?" అని యడిగెను. నా మిత్రుడు బదులు చెప్పలేకపోయెను. నీటిని గూర్చి అంతయు నేర్చిన అతడు ఆ యొక్క సంగతిని ఎన్నడును విచారింపలేదు.

దాని ముఖ్యాహారము స్పంజికలు. ఇవి రాళ్లకు అంటుకొని పెరుగు ప్రాణులు. మూరిష్ ఐడల్ పగడపు దిబ్బల సందులలో తన సన్నని మూతిని దూర్చి, కుంచెవెంట్రుకల వంటి పండ్లతో స్పంజికలను గీకి తినును. వానితోపాటు చిన్న ప్రాణులను, పాచిని కూడ తినును. అంగడిలో దొరకు మేతను ఇది ఆహారముగ గుర్తింపకపోవుట తరచు జరుగుచుండును. ఎదుట ఆహారమున్నను ఆకలితో చచ్చుటకంటె దురవస్థ వేరొకటి కలదా?

నిపుణులు కొందరు దీనికి తిండి యలవాటు చేసి పెంచుచున్నారు గదా యని మీరడుగవచ్చును. నిజమే. కాని వారు విశాలమైన తొట్టెలును, విశేషానుభవమును గలవారు. వారి విజయమును చూచి మనము సాహసించినచో, మన తప్పిదమునకు శిక్ష యనుభవించునది మనము కాదు, చేప. ఈత రానివాడు తానే నూతిలో దూకిన అది అవివేకము. ఇతరుని తోసిన అది అపరాధము.

చేపలు పట్టి యమ్ము దీవులవారి జీవనము మాట యేమని మరియొక ప్రశ్న రావచ్చును. ఇది త్రోసివేయదగినది కాదు. అయితే పట్టుట యొక్కటే మార్గము కాదు, పెంచుటయు మార్గమే. లక్షద్వీపములలోని అగత్తి దీవియందు స్త్రీలు అలంకారపు రొయ్యలను పెంచుటకు శిక్షణ పొందిరి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు క్లౌన్ చేపలను తొట్టెలలోనే గ్రుడ్లు పెట్టించి, పిల్లలను పెంచు విధానమును రూపొందించిరి. అట్లు పుట్టిన చేపకు తొట్టియే పుట్టినిల్లు. మనము వేయు మేతకు అది చిన్ననాటినుండియు అలవాటుపడినది. సముద్రపు చేపను పెంచవలెనను కుతూహలము గలవారు దానిని తెచ్చుకొనుట మేలు. దానికి కూడ పైన చెప్పిన శ్రద్ధయంతయు అవసరమే.

విద్యార్థులారా! చేపలను పెంచవలదని నేను చెప్పుటలేదు. తొట్టి ముందు కూర్చుండి నేర్చుకొనదగిన విషయములెన్నియో కలవు. కాని ప్రేమించుట వేరు, స్వాధీనము చేసికొనుట వేరు. ఏ ప్రాణినైనను ఇంటికి తెచ్చుటకు ముందు, ఆ చిన్నబాలిక యడిగిన ప్రశ్నను మీరడుగుడు. దానికి సమాధానము చెప్పగలిగిన పిమ్మటనే తొట్టిని సిద్ధపరుపుడు. చెప్పలేనినాడు ఆ ప్రాణిని దాని సముద్రముననే యుండనిండు. అదియు దానిని ప్రేమించుటయే.