వేసవి వడ్డనలో జొన్నకు పీట వేయాలి

మండుటెండలో హోటల్ మెట్లెక్కే మనిషికి కావలసింది దాహం తీర్చే పానీయం, కడుపులో తేలికగా అరిగే తిండి. అయితే హైదరాబాద్‌లోనూ, అక్కడికి సుమారు వంద కిలోమీటర్ల దూరాన ముంబయి రహదారిపై ఉన్న జహీరాబాద్‌లోనూ ఎక్కువ భోజనశాలలు ఏడాది పొడవునా పెట్టే బిర్యానీ, వేపుళ్లు, శీతల పానీయాలనే వేసవిలోనూ వడ్డిస్తున్నాయి. జహీరాబాద్ చుట్టుపక్కల ఉన్న రాయికోడ్, న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో యాసంగి జొన్న కోతలు ముగిసి, కొత్త గింజ ఇళ్లకు చేరేది సరిగ్గా ఎండలు ముదిరే వేళకే. ఆ గింజ పక్క పట్టణపు హోటల్ పళ్లెంలోకి చేరకపోవడం వ్యాపారుల ఉదాసీనతకూ ప్రభుత్వ అలసత్వానికీ నిదర్శనం.

జొన్నపిండిని నీటిలో కలిపి రాత్రంతా పులియనిచ్చి, మరునాడు కాచి చల్లార్చి, ఉప్పు, మజ్జిగ చేర్చి తాగే జావను అంబలి అంటారు. చెమటతో ఒంట్లోంచి పోయే నీటినీ ఉప్పునూ అది ఒక్క గ్లాసులో తిరిగి అందిస్తుంది. మూడు వందల మిల్లీలీటర్ల తీపి శీతల పానీయం అందించేది మాత్రం ప్రధానంగా సుమారు 30 గ్రాముల చక్కెరను.

జొన్నను పండించి బయటివారికి వడ్డించే బాట ఇక్కడివారికి కొత్త కాదు. 1983లో మొదలై, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, ప్రధానంగా దళిత మహిళల సంఘాల ద్వారా బీళ్లను సాగులోకి తెచ్చి, ‘సత్యం పంటలు’గా పిలిచే, నీటి తడి లేకుండా చలికాలపు మంచుకే పండే పంటలను నిలబెట్టింది, ఊళ్లోనే జొన్నలు సేకరించి ఊళ్లోనే పంచే ప్రత్యామ్నాయ రేషన్‌ను 1990లలో నడిపింది, 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతిని అందుకుంది. జహీరాబాద్‌లో ‘కేఫ్ ఎత్నిక్’ పేరిట జొన్న వంటి చిరుధాన్యాల భోజనశాలను నెలకొల్పి, రహదారి ప్రయాణికులకు వాటిని వడ్డించవచ్చని చూపింది కూడా ఆ సంస్థే. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపించిన దేశంలో ఆ నమూనా ఊరూరా విస్తరించలేదు. పైగా పెద్ద హోటళ్లలో జొన్న ఆరోగ్యం పేరిట ఖరీదైన విలాసంగా మారింది.

ఆ ధరకు గింజ కారణం కాదు. 2025-26లో హైబ్రిడ్ జొన్నకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 3,699 రూపాయలు, అంటే కిలోకు 37 రూపాయలు. కిలో పిండికి పది రొట్టెలు వచ్చినా ఒక్కో రొట్టెకు గింజ ఖర్చు నాలుగు రూపాయలు దాటదు. అసలు విలువ చేతిపనిది. గోధుమపిండికి సాగే గుణాన్నిచ్చే గ్లూటెన్ అనే మాంసకృత్తు జొన్నలో లేనందున, వేడినీళ్లతో పిసికి అరచేత్తో తట్టే నేర్పు ఉంటేనే రొట్టె విరగకుండా పెనం మీదికి చేరుతుంది. ఆ నేర్పు పల్లె మహిళలది కనుక, చెల్లించే ధరలో పెద్ద వాటా వారికే దక్కాలి.

ఇంట్లో తినే తిండికి హోటల్లో డబ్బెవరిస్తారని యజమానులు వాదించవచ్చు. ఇడ్లీ, దోసె కూడా ఇంటి వంటలే. హైదరాబాద్ వీధుల్లో సాయంత్రం పూట జొన్నరొట్టెల బండ్ల దగ్గర నిలబడే జనం ఆ వాదానికి చాలిన జవాబు.

అందుచేత ఉగాది నుంచి మృగశిర కార్తె వరకు ప్రతి భోజనశాల అంబలినీ జొన్నరొట్టెనూ సాధారణ భోజనపు ధరకే అందుబాటులో ఉంచాలి. బస్టాండ్లలో క్యాంటీన్లను కేటాయించేటప్పుడు ఆర్టీసీ దీన్ని టెండరు షరతుగా చేర్చాలి. పర్యాటక శాఖ తన హరిత హోటళ్లలో ముందుగా అమలు చేసి, గింజను రాయికోడ్ వంటి మండలాల మహిళా సంఘాల నుంచి నేరుగా కొనాలి. అంబలి నీటితో చేసే పదార్థం కాబట్టి, 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద తనిఖీ చేసే అధికారులు ఆ నీటి శుభ్రతను ఎండాకాలంలో మరింత గట్టిగా పరీక్షించాలి. రాయికోడ్ రైతుకు సభల్లో జొన్నపై వినిపించే పొగడ్తలతో పని లేదు. పక్క పట్టణంలో రోజూ పిండి అడిగే వంటగది ఉంటే చాలు.