ఎక్స్‌రే గదిలో మీ అమ్మాయి

"డాక్టరు గారూ! మా అమ్మాయి ఇంటరు బైపీసీ పాసై రెండేళ్ళ ఎక్స్‌రే డిప్లొమాలో చేరింది. వచ్చే నెల నుంచి రోజూ ఆసుపత్రిలో ప్రాక్టికల్స్ అట. ఆ కిరణాలు తగిలితే పిల్లలు పుట్టరని మా ఆడపడుచు గట్టిగా చెబుతోంది. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పుకోవాలి? చదువు మాన్పించమంటారా? డ్యూటీ నుంచి రాగానే బెల్లం ముక్క తింటే దోషం పోతుందంటున్నారు, నిజమేనా?" - ఒక తల్లి, సిద్దిపేట.

మాన్పించకండి. ముందు ఆ మాట చెప్పేస్తే మీ మనసు కుదుటపడుతుంది. మీ ఊరికి 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అందులో డాక్టరు కోర్సు చదివే పిల్లల తల్లులు ఎవరూ నాకిలాంటి ఉత్తరం రాయలేదు. రోగుల దగ్గు, రక్తం మధ్య తిరిగే ఆ పిల్లలకు ఉండే ప్రమాదం మీ అమ్మాయికి ఉండేదానికంటే తక్కువేమీ కాదు. కానీ ఎక్స్‌రే అనేసరికి అందరికీ గుండె దడ. కంటికి కనబడని దానికి భయం ఎక్కువ. అయితే మీరు భయపడుతున్న చోట ప్రమాదం లేదు, మీకు తెలియని మరోచోట కొంత ఉంది. రెండూ చెబుతాను.

ఎక్స్‌రే మిషను మీట నొక్కినప్పుడు, అదీ సెకనులో చిన్న భాగం సేపు మాత్రమే కిరణాలను ఇస్తుంది. తర్వాత గదిలో ఏమీ మిగలదు. దీపం ఆర్పాక వెలుతురు గోడకు అంటుకుని ఉండదు కదా! అలాగే మీ అమ్మాయి బట్టలకూ, ఒంటికీ అంటుకుని కిరణాలు ఇంటికి రావు. ఆమె కోటు విడిగా ఉతకడం మంచిదే, అది ఆసుపత్రి మురికి వల్ల.

ఇక లెక్కలు. కిరణాల మోతాదును మిల్లీసీవర్టులలో చెబుతారు. ఒక ఛాతీ ఎక్స్‌రే వల్ల రోగికి తగిలేది సుమారు 0.02. ఎక్స్‌రే గది గడప తొక్కని మనిషికి కూడా నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి ఏడాదికి సగటున 2.4 తగులుతూనే ఉంటుంది. ఈ పని చేసే ఉద్యోగులకు ఐదేళ్ళ సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటరాదని మన అణుశక్తి నియంత్రణ మండలి హద్దు పెట్టింది. నేర్చుకునే విద్యార్థులకు ఆ హద్దు 6 మాత్రమే. అండాశయాలు దెబ్బతిని సంతానమే లేకుండా పోవాలంటే కొన్ని వేల మిల్లీసీవర్టులు సూటిగా పొత్తికడుపుకు తగలాలి. అలాంటిది క్యాన్సరు చికిత్సలో జరగవచ్చు గాని, అద్దం వెనక నిలబడి మీట నొక్కే పిల్లకు జరగదు. మీ ఆడపడుచుకు ఈ మాట నా పేరు మీదనే చెప్పండి.

మరి ప్రమాదం ఎక్కడంటే, పట్టుకోవడంలో.

ఏడాదిన్నర పసివాడికి ఛాతీ ఎక్స్‌రే తీయాలి. వాడు ఒక్క క్షణం కుదురుగా ఉండడు. సీనియరు మీట దగ్గర ఉంటాడు. "అమ్మాయ్, కాస్త పట్టుకో" అంటాడు. కొత్తగా వచ్చిన పిల్ల కాదనలేదు. ఇవాళ ఒకడు, రేపు ముగ్గురు. కిరణం రోగి ఒంటికి తగిలి నలుదిక్కులా చెదురుతుంది. మీటరు దూరంలో నిలబడితే చేరేది సుమారు వెయ్యో వంతు, రెండు మీటర్లకు జరిగితే అందులో నాలుగో వంతు. చేతులతో పట్టుకున్న మనిషికి ఆ దూరమే లేదు. ఒక ఆసుపత్రిలో నా కళ్ళతో చూశాను: పట్టుకునే పని రోజూ ఒకే విద్యార్థిది, ఆమెకు సీసపు ఏప్రాను లేదు, ఛాతీ మీద ఉండవలసిన బ్యాడ్జీ బల్ల సొరుగులో ఉంది. పసివాణ్ణి తల్లో తండ్రో పట్టుకోవాలి, ఏప్రాను వేసుకుని. ఆ తల్లి గర్భిణి అయితే ఇంకొకరు. నేర్చుకునే పిల్ల మాత్రం కాదు. ఈ ఒక్క మాట మీ అమ్మాయికి నేర్పి పంపండి: "సార్, వాళ్ళమ్మను పిలుస్తాను" అనమనండి. ఎదురు చెప్పినట్టూ ఉండదు, పనీ అవుతుంది.

ఈ విద్య పుట్టిన కొత్తలో ఈ జాగ్రత్తలేవీ తెలియవు. 1895లో రాంట్‌జెన్ ఈ కిరణాలను కనిపెట్టాక, ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ పరీక్షల పేరుతో తన చేతులనే కిరణాలకు అడ్డం పెట్టి, చేతులు పోగొట్టుకుని 1904లో చనిపోయాడు. ఇప్పుడు ఆ అవసరం ఎవరికీ లేదు.

కాలేజీ వారిని మీరు మర్యాదగా అడగవలసినవి కొన్ని ఉన్నాయి. మీ అమ్మాయి పేరు మీద టీఎల్‌డీ బ్యాడ్జీ ఇచ్చారా? దాని రిపోర్టు మూడు నెలలకోసారి వస్తే ఆమెకు చూపిస్తారా? పక్కన అర్హత ఉన్న టెక్నీషియను ఉంటాడా? వయసు కూడా చూసుకోండి. పదహారు నిండనివారిని శిక్షణకు, పద్దెనిమిది నిండనివారిని ఉద్యోగానికి తీసుకోరాదని నిబంధన. బ్యాడ్జీని ఏప్రాను లోపల, ఛాతీ మీద పెట్టుకోవాలి. డ్యూటీ కాగానే ఆసుపత్రిలోనే వదిలి రావాలి.

మొదటి నెలల్లో మీట నొక్కనివ్వడం లేదని ఆమె అలిగితే సంతోషించండి, గురువు మంచివాడు. తోటి విద్యార్థిని నిలబెట్టి, మిషను ఆపి, భుజాలు ముందుకు తిప్పించడం, మెడ వెనక ఎముక వేలితో తడిమి గుర్తుపట్టడం, వెలుతురు చట్రాన్ని కావలసినంత మేరకే కుదించడం ముందు రావాలి. అభ్యాసం కోసమని ఒకరి మీద ఒకరు నిజంగా ఎక్స్‌రే తీసుకోవడం మాత్రం తప్పు. కొన్నిచోట్ల కొత్తపిల్లలను రిజిస్టరు రాయడానికీ టీ తేవడానికీ వాడుకుంటారు. అది శిక్షణ కాదు. రిజిస్టరు వల్ల ఒక మేలు లేకపోలేదు: "మీరు లక్ష్మేనా?" అంటే ఎవరైనా తల ఊపుతారని, "మీ పేరేమిటి?" అని అడగాలని త్వరగా తెలుస్తుంది.

పుస్తకంలో లేనివి గదిలోనే వస్తాయి. మారుమూల పల్లె నుంచి వచ్చిన ముసలమ్మతో "శ్వాస తీసుకుని ఆపండి" అంటే బిత్తరపోయి చూస్తుంది. "దమ్ము గట్టిగ గుంజి పట్టు పెద్దమ్మా" అంటే పడుతుంది. గాలి సరిగా పీల్చకపోతే గుండె పెద్దదైనట్టు, ఊపిరితిత్తుల అడుగున తెల్లగా ఏదో ఉన్నట్టు కనబడుతుంది. భుజం మీద పడ్డ జడ ఊపిరితిత్తి పైభాగంలో మచ్చలా కనబడుతుంది. టీబీ మచ్చ తరచు కనిపించేదీ అక్కడే. జడ ముడి వేయించడం మరిచిపోతే ఆ ఇంట్లో వారం రోజులు ఏడుపే. పుస్తెలతాడు తీయమంటే చాలామంది ఒప్పుకోరు, తీయమని గద్దించనూ కూడదు. పుస్తెలు నోట పట్టుకోమంటే ఛాతీ మీద నీడ పడదు. ఇంత చిన్న సంగతి తెలియక మళ్ళీ తీసిన ఎక్స్‌రేలు ఎన్నో!

ఇదివరకు మోతాదు ఎక్కువైతే ఫిల్ము నల్లబడి తప్పు బయటపడేది. ఇప్పటి డిజిటల్ మిషన్లలో కంప్యూటరు బొమ్మను సరిదిద్దేస్తుంది, తప్పు దాగిపోతుంది. అందుకే బొమ్మ బాగుందా అని మాత్రమే కాక, ఎంత మోతాదుతో వచ్చిందో కూడా చూడడం మీ అమ్మాయి మొదటి నుంచీ అలవాటు చేసుకోవాలి.

ఈ పేజీ చదివే మిగతావారికి ఒక మాట. ఎక్స్‌రే గదిలో విద్యార్థి కనిపిస్తే విసుక్కోకండి. సీనియరును పక్కన ఉండమని అడగండి, ఆ హక్కు మీకుంది. ఆడవారు మరో ఆడమనిషిని తోడు ఉంచమని అడగవచ్చు. నెల తప్పిందేమో అన్న అనుమానం ఉంటే మీట నొక్కకముందే చెప్పండి, సిగ్గుపడకండి.

బెల్లం సంగతి. కిరణాలను కడిగే తిండి ఏదీ లేదు. కాని సీసపు ఏప్రాను బరువు. ఖాళీ కడుపుతో దాన్ని మోస్తూ గంటలు నిలబడితే కళ్ళు తిరుగుతాయి. పొద్దున్నే రెండు రొట్టెలు తినిపించి, గ్లాసుడు పాలిచ్చి పంపండి. బెల్లం వేసుకుంటుందో లేదో ఆమె ఇష్టం.