విశ్రాంతి శ్రామికుని హక్కు, పంచాంగం ఆజ్ఞ కాదు

భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ కొలిమికి ఆదివారం లేదు, శుక్రవారం లేదు, ఏకాదశీ లేదు. రుఆబాంధా క్వార్టర్లలో కాపురముండే కార్మికులు షిఫ్టులవారీగా దాన్ని నిత్యం మండిస్తూనే ఉండాలి. ఆంధ్ర ప్రాంతం నుంచి వలసవచ్చి స్థిరపడిన తెలుగువారూ వారిలో ఉన్నారు. వారపు సెలవు అందరికీ ఒకే రోజున రాదు, కానీ రాక తప్పదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 52వ సెక్షన్ ఆదివారాన్ని పేర్కొంటూనే దానికి బదులు మరో రోజు ఇచ్చే వీలు కల్పించింది. రోజు మారవచ్చు, విశ్రాంతి మాత్రం దక్కాలి. లౌకిక రాజ్యం అనుసరించదగిన సూత్రం ఇదే.

ఈ వివేకం కర్మాగారం గోడ దాటి బజారుకు చేరలేదు. ఛత్తీస్‌గఢ్‌లో 2025 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన కొత్త దుకాణాల చట్టం వారంలో ఏడు రోజులూ వ్యాపారానికి తలుపులు తెరిచింది. ఉద్యోగికి వారపు సెలవు ఇవ్వాలన్న షరతు అందులో ఉన్న మాట నిజమే. కానీ పదిమంది కంటే తక్కువమంది పనిచేసే దుకాణాలకు ఆ చట్టమే వర్తించదు. కిరాణా కొట్టులో మూటలు మోసే కుర్రవాడి విశ్రాంతి యజమాని దయాధర్మం మీద ఆధారపడింది.

శ్రామికుని సెలవు విషయంలో ఇంత ఉదారంగా పక్కకు తప్పుకున్న ప్రభుత్వం, పండుగల విషయానికి వచ్చేసరికి కఠినంగా మారుతుంది. పర్యూషణం, గణేశ చతుర్థి వంటి రోజులలో మాంసపు దుకాణాలు మూసివేయాలని ఉత్తర్వులు వెలువడుతుంటాయి. ఇది ఛత్తీస్‌గఢ్‌కే పరిమితం కాదు. 2025 ఆగస్టులో కృష్ణాష్టమి పేరిట హైదరాబాద్ మహానగర పాలక సంస్థ కూడా ఇదే పని చేసింది. అలా మూతపడిన కొట్టులోని దినకూలీకి ఆ రోజు కూలి ఎవరిస్తారు? వేతనంతో కూడినది సెలవు, వేతనం లేనిది జరిమానా.

కొద్ది రోజుల మూసివేత సమంజసమైన ఆంక్షేనని 2008లో సుప్రీంకోర్టు అహ్మదాబాద్ కేసులో తీర్పునిచ్చిందని సమర్థకులు గుర్తుచేస్తారు. ఆ తీర్పు తొమ్మిది రోజులకు సంబంధించినది. నిషేధం దీర్ఘకాలం సాగితే విషయం వేరుగా ఉండేదని న్యాయస్థానమే సూచించింది. పైగా రాజ్యాంగం అనుమతించినదల్లా ప్రభుత్వం చేసి తీరాలని లేదు.

ఆదివారం మాత్రం క్రైస్తవుల దినం కాదా అన్నది మరో వాదన. దాని పుట్టుక మతంలోనిదే. కానీ భారత కార్మికుడు దాన్ని చర్చి నుంచి దానంగా పొందలేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో బొంబాయి మిల్లు కార్మికులు పోరాడి 1890లో సాధించుకున్నారు. కెనడా సుప్రీంకోర్టు 1985లో ప్రభువు దినపు చట్టాన్ని కొట్టివేసింది. ఒక మతపు పవిత్ర దినాన్ని అందరిపై రుద్దడం అంతరాత్మ స్వేచ్ఛకు విరుద్ధమన్నది. అయినా అక్కడ వారపు సెలవులు మాయం కాలేదు.

కార్తిక సోమవారం ఉపవాసముండే గృహిణికి మున్సిపల్ ఉత్తర్వు అవసరం లేదు. రంజాన్ ఉపవాసాన్ని ఏ ఇన్‌స్పెక్టరూ పర్యవేక్షించడు. పోలీసు లాఠీ నీడలో ఆచరించేది భక్తి అనిపించుకోదు. మెజారిటీ మనోభావం చట్టంగా మారిన చోట మైనారిటీ జీవనోపాధి మొదటి నైవేద్యమవుతుంది.

కాబట్టి ప్రభుత్వం ముందున్న కర్తవ్యం స్పష్టం. ఒక్కరు పనిచేసే కొట్టుకైనా వేతనంతో కూడిన వారపు సెలవును చట్టబద్ధం చేయాలి. ఆ రోజును ఎంచుకునే విషయంలో శ్రామికుని విశ్వాసానికి చోటివ్వాలి. మతం పేరిట ఇచ్చే మూసివేత ఉత్తర్వులను ఉపసంహరించాలి. ఏ దేవుడికి ఏ రోజు ప్రీతిపాత్రమో నిర్ణయించే అధికారాన్ని ప్రజలు ఏ మున్సిపల్ కమిషనరుకూ ఇవ్వలేదు.