తేదీ ఖాళీగా ఉంటే.. పాత విలువతో నింపేయొచ్చా?

అమెరికాలో 2025 అక్టోబర్ నెలకు ధరల సూచీ లేదు. విడుదల ఆలస్యమైందని కాదు, అసలు లేనే లేదు. అక్టోబర్ 1న మొదలైన ప్రభుత్వ షట్‌డౌన్ నవంబర్ 12 దాకా, 43 రోజులు సాగింది. ధరలు సేకరించే బ్యూరో ఆఫ్ లేబర్ స్టాటిస్టిక్స్ పని ఆగిపోయింది. గడిచిపోయిన నెల ధరల్ని వెనక్కెళ్లి సేకరించలేం కదా!

డిసెంబర్‌లో నవంబర్ లెక్క బయటికొచ్చింది. వార్షిక ద్రవ్యోల్బణం 2.7 శాతం. సెప్టెంబర్‌లో అది 3 శాతం. ధరల వేగం తగ్గిందని సంతోషించే లోపే చాలామంది ఆర్థికవేత్తలు ఇంటి అద్దెల దగ్గర ఆగారు. అక్కడ సర్వేలోని ఇళ్లను ఆరు భాగాలు చేసి, ఒక్కో ఇంటి అద్దెను ఆరు నెలలకోసారి అడుగుతారు. అక్టోబర్ వంతు ఇళ్ల సమాచారం రాలేదు కాబట్టి వాటి పాత విలువనే ముందుకు తెచ్చారు. ఫలితంగా ఆ నెల అద్దెల పెరుగుదల దాదాపు సున్నాగా లెక్కలోకి వెళ్లింది. సూచీలో నివాస ఖర్చుల వాటా సుమారు మూడో వంతు. అంటే ఆ 2.7లో నిజంగా తగ్గింది ఎంత, ఖాళీని నింపడం వల్ల తగ్గినట్లు కనిపించింది ఎంత అన్న అనుమానం మిగిలిపోయింది.

డేటా అనలిస్ట్ ఉద్యోగానికి సిద్ధమవుతున్న వారికి ఈ వార్త బాగా తెలిసిన ప్రశ్నే. 'కొన్ని తేదీలకు విలువల్లేవు. చివరిగా తెలిసిన విలువతో నింపండి' అని ఎస్‌క్యూఎల్ ఇంటర్వ్యూల్లో అడుగుతుంటారు. ముందు దీన్ని ఎలా చేయాలో చూద్దాం.

మొదటి మెట్టు తేదీల వరుస. టేబుల్‌లో లేని తేదీని ఏ ఫంక్షనూ నింపలేదు. ముందు ఆ రోజుకు ఒక వరుస పుట్టాలి. అందుకే అన్ని తేదీలతో క్యాలెండర్ టేబుల్ తయారుచేసి, దానికి అసలు డేటాను లెఫ్ట్ జాయిన్ చేస్తాం. పోస్ట్‌గ్రెస్‌లో జెనరేట్ సిరీస్ ఉంది. మైఎస్‌క్యూఎల్ 8లో రికర్సివ్ సీటీఈ రాసుకోవాలి. దాని పరిమితి మామూలుగా 1000 మెట్లు. ఏడాది తేదీలకు సరిపోతుంది, మూడేళ్లు అడిగితే ఎర్రర్ వస్తుంది. చాలామంది ఇక్కడే తికమకపడతారు.

రెండో మెట్టు నింపడం. లాగ్ ఫంక్షన్ చాలనుకుంటారు గానీ అది ఒక్క వరుసే వెనక్కి చూస్తుంది. వరుసగా రెండు రోజులు ఖాళీ వస్తే దానికి దొరికేది మళ్లీ ఖాళీయే. ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022లలో లాస్ట్ వాల్యూకి ఇగ్నోర్ నల్స్ జోడిస్తే పనైపోతుంది. మైఎస్‌క్యూఎల్ 8లో ఆ సదుపాయం లేదు. అప్పుడు కౌంట్‌ని ఆశ్రయించాలి. సోమవారం ధర 40, మంగళ, బుధవారాలు ఖాళీ, గురువారం 44 అనుకోండి. తేదీల వరుసలో ధరను కౌంట్ చేస్తూ పోతే 1, 1, 1, 2 వస్తాయి. కౌంట్ నల్‌ను లెక్కపెట్టదు కాబట్టి ఖాళీ రోజులు తమ ముందున్న విలువతో ఒకే గుంపులో చేరతాయి. ఆ గుంపులో మ్యాక్స్ తీస్తే మంగళ, బుధవారాలకూ 40 వచ్చేస్తుంది. ఒకటికి మించి సరుకులుంటే, ప్రతి తేదీకీ ప్రతి సరుకుకీ వరుస ఉండేలా చూసి, సరుకు పేరు మీద పార్టిషన్ పెట్టడం మరవొద్దు. లేదంటే ఉల్లి ధర టమాటా గడిలోకి వెళ్తుంది.

ఇంతవరకూ చాలామంది చెప్పగలరు. 'ఇక్కడ అసలు నింపొచ్చా?' అని అడిగినప్పుడే తేడా తెలుస్తుంది.

నా మొదటి ఉద్యోగంలో ఈ పాఠం దెబ్బతిని నేర్చుకున్నా. ఒక దుకాణాల గొలుసు స్టాక్ రిపోర్ట్‌కి క్వెరీ రాశాను. దీపావళి వారంలో ఒక దుకాణం నుంచి నాలుగు రోజులు డేటా రాలేదు. నా క్వెరీ పాత స్టాక్‌నే చూపిస్తూ పోయింది. స్క్రీన్ మీద సరుకు నిండుగా ఉంది, అక్కడ అరలు ఖాళీ. కొత్త సరుకు ఎవరూ పంపలేదు. క్వెరీలో ఒక్క ఎర్రర్ కూడా లేదు!

అప్పటినుంచి ముందు ఒకటే చూసుకుంటా. విలువ మారే దాకా అలాగే నిలిచి ఉండేదా, ఏ రోజుకారోజు కొత్తగా పుట్టేదా? బ్యాంక్ బ్యాలెన్స్, ఉద్యోగి హోదా, సెలవు రోజున షేరు ముగింపు ధర మొదటి రకం. వీటికి పాత విలువ సరిపోతుంది. అమ్మకాలు, వర్షపాతం రెండో రకం. నిన్న 5 సెంటీమీటర్ల వాన పడిందని ఈరోజు గడిలోనూ 5 రాస్తే లేని వాన కురిపించినట్టే. మొదటి రకంలోనూ సెలవు వల్ల వచ్చిన ఖాళీ వేరు, డేటా రాక వచ్చిన ఖాళీ వేరు. నా స్టాక్ రిపోర్ట్ బోల్తా పడింది ఇక్కడే.

మన దేశానికీ ఈ సమస్య ఎదురైంది. కొవిడ్ కారణంగా 2020 మార్చి 19 నుంచి ధరల క్షేత్ర సేకరణ ఆగింది. ఏప్రిల్, మే నెలలకు జాతీయ గణాంక కార్యాలయం అప్పటికప్పుడు మొత్తం సూచీ ఇవ్వలేదు. తగినంత సమాచారమున్న విభాగాల అంకెలే ఇచ్చింది. తర్వాత జులైలో, జూన్ లెక్కతో పాటు ఆ రెండు నెలల అంకెలనూ విడుదల చేస్తూ అవి అంచనా వేసి నింపినవని స్పష్టంగా చెప్పింది. నింపినప్పుడు నింపామని చెప్పడం కూడా లెక్కలో భాగమే.

మీ క్వెరీలోనూ అదే చేయండి. అసలు కాలమ్‌ని ముట్టుకోకుండా, నింపిన విలువకు వేరే కాలమ్ పెట్టండి. పక్కనే 'ఇది ఎన్ని రోజుల పాతది' అని ఇంకొకటి. వారం దాటితే నల్‌గానే వదిలేయాలా వంటి పరిమితిని పని ఇచ్చినవారినే అడగండి. మొదటి విలువకు ముందున్న తేదీలకు తెలిసిన విలువే లేదు కాబట్టి వాటిని ఖాళీగానే ఉంచండి.

ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తే కీబోర్డ్ మీద చెయ్యి పెట్టేముందు 'ఈ తేదీలు ఎందుకు ఖాళీగా ఉన్నాయండీ?' అని అడిగి చూడండి. క్వెరీ ఎలా రాయాలో ఆ జవాబే చెబుతుంది.